గొంతు మర్ల వచ్చిందనుకున్నం

మా పెద్దమ్మ పోయింది. మంగళవారం పొద్దుగాల బోధన్‌లో, ఇంటి ముందర చాయ్ తాగుకుంట, వీపు నడుమ చీలినట్టయితున్నదని గోడకు ఒరిగిందట. పెద్దమ్మ కొడుకు, మా అన్న, తన ఆటోలోనే పండబెట్టుకొని నిజామాబాద్ తెచ్చిండు. నేనుండేది నిజామాబాద్‌లోనే కాబట్టి, ఫోన్ రాంగనే ఉరికి, వాళ్లకంటె ముందే ఆస్పత్రి గేటు కాడ నిలబడ్డ. స్ట్రెచర్ మీదికి ఎక్కిచ్చేటప్పుడు నన్ను చూసి, "నువ్వు డ్యూటీకి పోలేదానే?" అన్నది. మొకమంత చెమట. మాట మాత్రం గంట కొట్టినట్టు. స్కాన్‌కు లోపలికి తీస్కపోయిండ్రు. హైదరాబాద్ పంపాలె, అంబులెన్స్‌కు చెప్పినం అన్నరు. అంబులెన్స్ రానేలేదు. డాక్టరు బయటికొచ్చి తల అడ్డంగ ఊపిండు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పుడే మాట్లాడింది గద, లోపల ఇంకెవరో పోయిండ్రేమో, ఈయన పొరపాటున మాకు చెప్తున్నడేమో అనుకున్న. డాక్టరుది చిన్న వయసే. పోకుండ అక్కడ్నే నిలబడి, అన్నను ఒక మాట అడిగిండు.

"ఈమె గొంతు ఎప్పుడన్న పోయిందా? బొంగురుగ, గాలి మాటల లెక్క?"

"పోయింది సార్, పోయినేడు," అన్నడు అన్న. "మల్ల మంచిగయింది గద!"

డాక్టరు మెల్లగ చెప్పిండు. గుండె నుంచి పైకి వచ్చే పెద్ద రక్తనాళం కొక్కెం లెక్క వంగి కిందికి దిగుతదట. ఆ వంపు కాడ బుగ్గ లెక్క ఉబ్బి ఉన్నదట. అది ఇయ్యాలటిది కాదట, ఇయ్యాల పగిలిందట. గొంతును ఆడించే ఎడమ దిక్కు నరం ఆ వంపు కిందికెల్లే మర్లుతదట. బుగ్గ పెరిగి నరాన్ని ఒత్తితే, ఛాతీలో ఏ నొప్పీ రాకముందే గొంతు పోవచ్చట.

చనిపోయిన మనిషి గురించి గొంతు ముచ్చట అడుగుడేంది అనుకున్న నేను, ఆ మాట విన్నంక పోయినేటి రోజులు లెక్కపెట్టుకున్న. ఇది రాస్తున్నప్పుడు కూడ ఆ వరండలోనే నిలబడ్డట్టుంది.

మా పెద్దమ్మ బీడీలు చేసేది. వాడలో చానమంది ఆడోళ్లకు అదే పని. అయితే పెద్దమ్మ ఇంటి ముందటి అర్రలో ఇంకోటి నడిచేది. మాపటికి అన్నం తిని వాడోళ్లంత ఎవరి చాట వాళ్లు ఒళ్లో పెట్టుకొని ఆ అర్రలో కూసునేటోళ్లు. తునికాకు కత్తిరించుడు, జర్దా పోసుడు, చుట్టుడు, దారం కట్టుడు. అలవాటైన చేతులకు కండ్లతోని పని లేదు, చెవులు ఊకె ఖాళీగ ఉంటయి. ఆ ఖాళీ చెవులకు మేత ఏసేది మా పెద్దమ్మ. కథ చెప్పే మనిషికి చేతులు మెల్లగైతయి గద, అందుకని వాళ్లల్ల ఒక రివాజు ఉండేది. లేచి పోయేటప్పుడు తలా గుప్పెడు బీడీలు పెద్దమ్మ చాటలో పోసి పోవాలె. ఎవరూ అడిగేది లేదు, ఎవరూ మరిచేది లేదు.

ఆమె చెప్పేవి పురాణాలేం కావు. ముందటి రోజు టీవీలో వచ్చిన సీరియల్. చిత్రమేందంటె, వినేటోళ్లంత ఆ సీరియల్ చూసినోళ్లే. అయినా పెద్దమ్మ చెప్తే మల్ల వినాలె, ఎందుకంటె ఆమె చెప్పేది వేరే ఉండేది.

"రాత్రి గా పిల్ల విషం తాగి సచ్చిపాయె గదనే?" అని అడ్డం పడేది కిష్టవ్వ. మహారాష్ట్ర అంచుకున్న రెంజల్ దిక్కు నుంచి వచ్చిన ఈమె పెద్దమ్మకు పక్కిల్లు, పక్క చాట కూడ.

"టీవోళ్లకేం తెలుసు? గా సీసల ఉన్నది దగ్గు మందు. పొద్దుగాల లేచి చాయ్ పెట్టుకున్నది."

"మరి పాడె గిట్ల కట్టిండ్రు గద!"

"కట్టిండ్రు. ఇప్పిండ్రు. నువ్వు ఆకు కత్తిరించు ముందుగాల."

దుర్మార్గపు అత్త వచ్చిందంటె పెద్దమ్మ నోట్లోకెల్లి మరాఠీ దుంకేది. "కాయ్ గ, సూన్‌బాయి!" అని, ఏందే కోడలా అన్నట్టు, ముక్కుతోని అనేసరికి, కిష్టవ్వ చాట పక్కకు పెట్టి, "అచ్చం మా అత్తనే, అచ్చం మా అత్తనే," అని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వేది. పెద్దమ్మ మాత్రం నవ్వకపోయేది. "ఎదుటోళ్లకంటె ముందు నవ్వితే కథ చెడిపోతది," అని నాకు చెప్పింది. ఇంకోటి చెప్పేది: "నోరు నడుస్తే చెయ్యి నడుస్తది." నిజమే, ఆమె కథ మంచి పట్టు మీదున్నప్పుడు ఆ అర్రలో చేతులన్ని ఒక్కతీరుగ ఉరికేవి, కత్తెరల చప్పుడు వాన లెక్క ఉండేది.

నేను డిగ్రీ అయినంక ఒక్క ఉద్యోగంలో కుదురుగ ఉన్నదాన్ని కాదు. బోధన్ పోయినప్పుడల్ల ఆ అర్రలో కూసుంట, లేస్త, గడప కాడికి పోత, మల్ల వస్త. "నీ కాళ్ల కింద చక్రాలున్నయే," అనేది. "కథ చెప్పేటోళ్లు ముందుగాల పిర్ర ఆనిచ్చి కూసోవాలె. నువ్వు చదివినవు గని, నీతోని కాదు." అందరు నవ్వేటోళ్లు. నేనూ నవ్వేదాన్ని. అట్ల తిట్టు తినేతందుకే పోయేదాన్నేమో అనిపిస్తది ఇప్పుడు.

పోయిన వానకాలం ఆమె గొంతు పోయింది. జలుబు లేదు, జరం లేదు. ఒక పొద్దు లేచేసరికి మాటల్లో గాలి తప్ప ఏం లేదు. జర్దా ఘాటు గొంతుకు పట్టిందన్నరు వాడోళ్లు. అది అందరికి తెలిసిన బీమారే, అందుకే ఎవరూ భయపడలేదు. మిరియాల కషాయం తాగింది. వేల్పూర్ చుట్టాలు పంపిన కొత్త పసుపు పాలల్ల కలుపుకొని తాగింది. తాగుతుంటే పొలమారేది. మంచినీళ్లు కూడ గుక్కకో దగ్గు. ఒక్క మాట అనేతందుకు రెండుసార్లు ఊపిరి పీల్చుకునేది. అర్రలో చాటలు వచ్చినయి, కథ లేదు. కిష్టవ్వ తనకు వచ్చినట్టు ఏదో చెప్పబోయింది, ఎవరికీ రుచించలేదు. లేచి పోయేటప్పుడు అందరూ ఎప్పటి లెక్కనే పెద్దమ్మ చాటలో గుప్పెడేసి బీడీలు పోసిండ్రు. ఆమె లేచి, ఎవరివి వాళ్లకు మర్ల పోసింది. కిష్టవ్వ గుంజులాడితే, గాలి గొంతుతోనే అన్నది: "చెప్పంది ఎట్ల తీసుకుంట?"

ఆ మాట విన్నంక నేను ఆగలేదు. నిజామాబాద్‌లో చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ దగ్గరికి తోల్కొచ్చిన.

డాక్టరమ్మ ముందుగాల చానసేపు అడిగింది. మెడకు ఎప్పుడన్న ఆపరేషన్ అయిందా? థైరాయిడ్ ఉన్నదా? వేరే ఏ ఆపరేషన్‌కన్న గొంతులో గొట్టం ఏసిండ్రా? దెబ్బ తాకిందా? బరువు తగ్గినవా? దగ్గులో రక్తం పడ్డదా? కాలు, చెయ్యి గుంజిందా? బీపీ గోలీలు ఏసుకుంటున్నవా? ఆఖరిదానికి పెద్దమ్మ నా దిక్కు చూసింది. "యాదికొస్తే ఏసుకుంట," అన్నది.

తర్వాత ముక్కులోకెల్లి సన్నటి గొట్టం పంపింది, కొసకు కెమెరా. తెర మీద గొంతు లోపల కనబడ్డది. రెండు తెల్లటి పొరలు, ఇంగ్లీషు అక్షరం వీ ఆకారంల. స్వరతంత్రులు అంటరట వాటిని. "ఈ... అనమ్మా," అన్నది డాక్టరమ్మ. పెద్దమ్మ అన్నది. కుడిదిక్కుది నడిమికి వచ్చింది. ఎడమదిక్కుది కదలలేదు. మల్ల అనుమన్నది. మల్ల కుడిది ఒక్కటే వచ్చింది, ఎడమది చచ్చిన తోక లెక్క అట్లనే ఉన్నది. నడుమ సందు. ఆ సందులకెల్లే గాలి పోతున్నది, నీళ్లు కూడ అటే దిగి పొలమారుతున్నయి.

గొట్టం తీసినంక పెద్దమ్మ ముక్కు తుడుసుకుంట తెర దిక్కు చూసింది. "గివేనా?" అన్నది. "నా కథలన్ని గీ రెండు తోకలేనా?"

డాక్టరమ్మ నవ్వింది గాని, వెంటనే స్కాన్ రాసింది. తల కింది నుంచి ఛాతీ దాక.

"గొంతు పోతే ఛాతీకి ఫోటో ఎందుకమ్మా?"

"పెద్దమ్మా, నిజామాబాద్‌ల బస్సెక్కి బోధన్ పోవాలె. గా బస్సు బోధన్‌ల ఆగకుండ బాసర దాక పోయి, మర్లి బోధన్ వచ్చిందనుకో. గీ నరం గట్లనే. తలలకెల్లి దిగుతది, గొంతు పక్కకెల్లే పోతది, గని ఆగది. ఛాతీల గుండె పెద్ద నాళం కిందికెల్లి మర్లి, పైకి గొంతుకు వస్తది. తొవ్వల ఏడ అడ్డం పడ్డా, బోధన్‌ల బస్సు రాదు. బోధన్ బస్టాండ్ల నిలబడి ఎతికితే దొరుకుతదా?"

ఏం అడ్డం పడొచ్చో కూడ చెప్పింది. థైరాయిడ్ గడ్డ ఒత్తొచ్చు, ఊపిరితిత్తిలో గడ్డ ఉండొచ్చు, ఛాతీలో రక్తనాళం ఉబ్బొచ్చు, ఏదో వైరస్ తాకి నరం మందగించి ఉండొచ్చు. "కొందరికి ఎంత ఎతికినా ఏం దొరకది. అది మంచి మాటనే. గని ఎతికినంకనే ఆ మాట అనాలె," అన్నది. ఆ రోజు ఆ మాటను నేను అంత పట్టించుకోలేదు. ఇప్పుడు చెవులలో అదే తిరుగుతున్నది.

స్కాన్‌కు పోయే తారీఖు దగ్గరికొచ్చేసరికి పెద్దమ్మ ఆగుమన్నది. వాడ కొసకున్న పోచమ్మకు మొక్కుకున్నదట. గొంతు వస్తే బోనమెత్తి, గుడి ముందర కూసొని అమ్మకే ఒక కథ చెప్తానని. "అమ్మకు చలికాలం దాక గడువు పెట్టిన. గంతల నడుమల నేను దొంగతనంగ వేరేకాడికి పోతే మంచిగుంటదా?" అన్నది. నేను కొట్లాడిన. అన్న నా దిక్కు మాట్లాడిండు. ఆమె చాట ఒళ్లోకి తీసుకొని ఆకు కత్తిరించుడు మొదలుపెట్టింది. అంటే ముచ్చట అయిపోయిందని.

గొంతు వచ్చింది. చలి మొదలుకాంగనే, మెల్లమెల్లగ, గాలి తగ్గి మాట చిక్కబడ్డది. నీళ్లు పొలమారుడు కూడ తగ్గింది. మొక్కు తీర్చిన రోజు నేను అక్కడ్నే ఉన్న. నెత్తి మీద బోనం, దాని మీద దీపం. గుడి ముందర పిర్ర ఆనిచ్చి కూసొని పోచమ్మకు కథ చెప్పింది. సీరియల్‌దే, అత్తకు బుద్ధి వచ్చిన కాడిది. కిష్టవ్వ ఏడ్చింది. అందరు ఏడ్చిండ్రు. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయి. ఆ మాపటికి అర్రలో ఆమె చాట బీడీలతోని నిండిపోయింది, ఈసారి ఒక్కటీ మర్ల ఇయ్యలేదు.

అయినా మనసు నిలవక, నేనొక్కదాన్నే మల్ల డాక్టరమ్మ దగ్గరికి పోయిన. ఆమె మొకం వెలగలేదు. "ఎడమది కదులుతుందని కాకపోవచ్చు," అన్నది. "జోడు తలుపులల్ల ఒక రెక్క బిగుసుకపోతే, రెండో రెక్క ఇంకింత జరిగొచ్చి దాన్ని ముట్టుకోవచ్చు. తలుపు మూసినట్టే కనబడ్తది. గొంతు వచ్చింది, సంతోషం. కారణం పోయిందని మాత్రం అర్థం కాదు. తోల్కరా."

ఉన్నది ఉన్నట్టు పెద్దమ్మకు చెప్పిన. ఆమె కోపం చేయలేదు. నా చెయ్యి పట్టుకొని కూసుండబెట్టింది.

"మొక్కు తీర్చిన బిడ్డా. తీర్చినంక పోయి ఫోటో తీపిచ్చుకుంటె, అమ్మ ఇచ్చింది ఒరిజినలా నకిలీనా అని చూసుకున్నట్టు. ఇచ్చినామె ఏమనుకుంటది? నువ్వు నాకొక చీర పెడితే, నేను తీస్కపోయి దుకాణపోనికి సూపిస్తనా?"

ఆమెది మూర్ఖత్వం అని ఎవరన్న అంటె నేను ఒప్పుకోను. ఆమె ఒకరి నుంచి ఏదన్న తీసుకుంటే దాన్ని గౌరవంగ తీసుకునే మనిషి. చెప్పని కథకు బీడీలు ఎట్ల ముట్టలేదో, ఇచ్చిన గొంతును అట్లనే అనుమానించలేదు. రెండూ ఒక్కటే గుణం. ఆ గుణాన్ని చూసే నేను పెరిగిన. అదే ఆమెను తీస్కపోయిందని ఎట్ల నమ్మాలె?

పోయే ముందటి రోజు సాయంత్రం ఫోన్ చేసింది. కొత్త సీరియల్ మొదలైందట, హీరోయిన్ నా లెక్కనే ఏ కొలువుల నిలవదట. "ఆఖర్కి ఏమైతది పెద్దమ్మా?" అన్న. "టీవోళ్లు ఏం చేస్తరో నాకెందుకు, నేను మాత్రం మంచిగనే చూసుకుంట," అన్నది. ఒక్క జీర లేదు గొంతులో. అంత మంచిగ మాట్లాడిన మనిషి తెల్లారేసరికి ఎట్ల పోతది? అన్న ఇప్పటికీ అదే అంటడు. "గొంతు మంచిగనే ఉండె గదనే," అంటడు, ఆటో స్టీరింగ్ మీద తల పెట్టి.

దినాల నాడు వాడోళ్లంత ఆ అర్రలోనే కూసున్నరు. చాటలు లేవు. చేతులు ఏం చేయాల్నో తెల్వక కొంగులు చుట్టుకుంటున్నయి. ఎవరో అన్నరు: "పోచమ్మ గొంతు మర్ల ఇచ్చింది. గుండెదే వేరే బీమారి వచ్చే. రాత." అందరు తలలు ఊపిండ్రు.

నేను ఊకుందామనే అనుకున్న. ఆమె కూసున్న కాడ, ఆమె మొక్కును తప్పు పట్టేతందుకు నోరు రాలేదు. అప్పుడే కిష్టవ్వ నా చెవి దగ్గరికి వంగి, "చాయ్ తాగు బిడ్డా," అన్నది. గాలి. మాటలో గాలి తప్ప ఏం లేదు.

"ఎప్పట్నుంచి అవ్వా?"

"నెల దాటింది. జర్దా ఘాటు." కొంగు కొస ఇప్పి చూపింది. పసుపు గుడ్డలో బియ్యం, పోకచెక్క కట్టిన ముడుపు. "నేను సుత పోచమ్మకు మొక్కిన. మీ పెద్దమ్మకు ఇయ్యలేదా?"

ఇంక దాచలేదు. ఆస్పత్రి వరండలో డాక్టరు అడిగిన మాట, నరం ఏ తొవ్వల పోతదో, గొంతు పోవుడు, పెద్దమ్మ పోవుడు రెండూ ఒక్క బీమారేనని, అంతా చెప్పిన. నీకూ అదే ఉన్నదని కాదు, ఏం లేకపోవచ్చు కూడ, కాని ఎతికినంకనే ఆ మాట అనాలెనని చెప్పిన. చెప్తున్నంతసేపు ఒక్కకాడ్నే కూసున్న.

"అంటె అమ్మ ఏం చేయలేదంటవా?" అని ఒకామె గుర్రుమన్నది. "సచ్చిపోయినామె మొక్కును గిట్ల తీసేస్తవా? చదివినవని?"

కిష్టవ్వ చెయ్యి ఎత్తి ఆమెను ఆపింది. ముడుపును మర్ల కొంగుకు కట్టుకున్నది. తర్వాత, ఊపిరి మీద ఊపిరి తీసుకుంట, అన్నది:

"ఆమె అమ్మకు గడువు పెట్టింది, నేను పెట్టలే. మొక్కు తీరినంక పోతె గద అనుమానం. నాది తీరలే. తీరకముందు పోతే అనుమానం ఎట్లయితది? అమ్మకు ఏడ నయం చేయాల్నో సూపిచ్చినట్టు." నా దిక్కు తిరిగింది. "రేపే తీస్కపో."

తెల్లారి అన్న ఆటో తీసిండు. కిష్టవ్వకు తోడు మేమంటె మేమని, గుర్రుమన్నామెతో సహా నలుగురు ఎక్కిండ్రు. ఊరు దాటంగనే ముందర చెరుకు ట్రాక్టరు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డంక చెరుకంత దూరం పోతున్నది, రోడ్డు నిండ అవే. గడలు రెండు దిక్కుల బయటికొచ్చి తొవ్వంత మూసేసినయి. అన్న హారన్ కొట్టిండు. ట్రాక్టరు మీద పాటలు పెట్టుకున్న పిల్లగానికి ఇనబడలేదు. ఎడమదిక్కు కూసున్న కిష్టవ్వ బయటికి వంగి, మెడ నరాలు ఉబ్బేదాక నోరు తెరిచి ఒర్రింది. ఏం రాలేదు, గాలి తప్ప. ఒక్క క్షణం ఆటోలో అందరు ఆమె మొకం చూసిండ్రు. తర్వాత, ఎవరూ ఎవరికీ చెప్పకుండ, ఆడోళ్లంత ఒక్కసారే బయటికి వంగిండ్రు.

"ఓ పిల్లగా! జరుగూ!"

నేను కూడ ఒర్రిన. పిల్లగాడు ఉలిక్కిపడి వెనుకకు చూసి, ట్రాక్టరును మట్టిలోకి దించిండు. చెరుకాకులు ఆటో టాపును రాసుకుంట పోయినయి. కిష్టవ్వ ఇంకా నోరు తెరిచే ఉన్నది, ఒక చెయ్యి గొంతు మీద పెట్టుకొని.